కండె అయిపోయేదాకా

తిరుపతి,
6 జూలై 2025

అన్నా,

ఆసుపత్రి నుంచి నిన్ను కారెక్కించి పంపి వారమైంది. జాగ్రత్తగా ఇల్లు చేరావని వదిన ఫోన్‌లో చెప్పింది. నీతో మాట్లాడాలంటే నాకు ఉత్తరం తప్ప వేరే దారి లేదు. చెవులు మరమగ్గాలకు అప్పగించేశావు. వాట్సాప్ చూస్తే ఒక అక్షరానికి రెండు నొక్కుతావు. మన ఇద్దరి పుణ్యాన నగరి పోస్టుమాన్‌కు కాస్త పని దొరుకుతుంది.

అసలు సంగతి రాస్తాను. పక్షవాతం వచ్చిన కాలు మొదటి నెలల్లో ఎంత కదిలిస్తే అంత తిరిగి వస్తుంది. ఇప్పుడు ఒళ్లు మంచానికి అలవాటు పడిందంటే, యాభై ఏళ్లకే నువ్వు మంచం మనిషివి. నేను ఫిజియోథెరపిస్టుగా చెబుతున్నాను, చెల్లెలిగా కాదు. చెల్లెలిగా చెప్పాలంటే ఇంకా చాలా ఉంది.

ఇందులో ఒక కాగితం పెట్టాను. అయిదు వ్యాయామాలు, ఒక్కోదానికి పదిహేను రోజుల గడులు. చేసిన రోజు టిక్కు పెట్టు. అందులో ముఖ్యమైనది మంచం అంచున కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేచి నిలబడటం, పదిసార్లు. వదిన పక్కన ఉండాలి. బీడీ మానాలి. సాయంత్రం పరోటా అంగడి నుంచి పొట్లం తెప్పించుకోవడం మానాలి. షుగరు మాత్ర మరవకూడదు.

నువ్వే వచ్చి చేయించవచ్చు కదా అని వదిన అడిగింది. క్లినిక్‌లో వీలు కావడం లేదు.

నీ చెల్లెలు,
భువనేశ్వరి


నగరి,
15 జూలై 2025

పాపా,

నీ కాగితం అందింది. అన్ని గడుల్లోనూ టిక్కులు పెట్టి తిరిగి పంపుతున్నాను. నీ చదువుకు నా వల్ల లోటు రాకూడదు గదా.

బీడీ తగ్గించినాను. పరోటా సంగతి మీ వదిన నందినిని అడుగు, నన్ను అడగొద్దు.

మంచం హాల్లోనే వేసినారు, నాయన మంచం ఉండిన చోటే. వేరే చోట పట్టదు. పొద్దంతా షెడ్డు వాకిలి వైపు చూస్తూ పడుకుంటాను. మగ్గాలు అమ్మి రెండేళ్లయింది, అయినా నా చెవుల్లో ఆడుతూనే ఉన్నాయి. నందిని మాట పెదాలు చూస్తే తప్ప తెలియదు, గుడి గంట వినబడదు, లేని మగ్గాలు మాత్రం వినబడతాయి. నాయన వాకర్ మూలన ఉంది. దాన్ని తీసుకోమని నందిని చెబుతుంది. నాకు మనసు రాలేదు.

ఒక మాట అడుగుతాను. తిరుపతి నుంచి నగరికి రెండు గంటల దారి. నాయన పోయి ఆరేళ్లయింది, కర్మంతరం అయినాక నువ్వు ఈ గడప తొక్కలేదు. సంవత్సరీకానికి వచ్చి పుత్తూరులో చిన్నాయన ఇంట్లో కూర్చుని పోయినావు. ఈ ఇంటి మీద నీకేం కోపమో రాయి. కోపం ఈ ఇంటి మీదనో, నా మీదనో అది కూడా రాయి.

మురుగేష్


తిరుపతి,
23 జూలై 2025

అన్నా,

నీ టిక్కులు చూసి క్లినిక్‌లో అందరం నవ్వుకున్నాం. ఒకే పెన్ను, ఒకే వాలు. పదిహేనో తేదీ పోస్టు చేసిన కాగితంలో ఇరవయ్యో తేదీ గడిలో కూడా టిక్కు ఉంది. రాబోయే వ్యాయామం కూడా ముందే చేసేసిన ఘనుడివి నువ్వొక్కడివే.

నీ ఒక్కడి తప్పు కాదులే. మా దగ్గరికి వచ్చే వాళ్లలో సగం మంది ఇదే పని చేస్తారు. కల్యాణవల్లి గారని రిటైరైన టీచరు ఒకావిడ ఉన్నారు. తుంటి ఎముక ఆపరేషన్ అయింది, నేను ఇంటికి వెళ్లి చూస్తాను. ముప్పై ఏళ్లు పిల్లల హోంవర్కు దిద్దిన మనిషి, తన హోంవర్కు మాత్రం దొంగ టిక్కులే.

ఈ మధ్య మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. అందులో ఒక మాట నన్ను బాగా పట్టుకుంది. చెయ్యండి, మానండి అని మనం ఎంత చెప్పినా మనిషి మారడు, మన ముందు తల ఊపి ఇంటికి పోతాడు. మనం చెప్పడం ఆపి, ఆ మనిషికి ఏం కావాలో అడగాలట. అందుకే ఈసారి కాగితం పంపడం లేదు. ఒకటే అడుగుతున్నాను. లేచి నడవగలిగితే ముందు ఎక్కడికి పోవాలని ఉంది నీకు? టీ అంగడికైనా సరే, సిగ్గుపడకుండా రాయి.

కోపం సంగతి అడిగావు. కోపం లేదు. పని ఎక్కువ.

భువన


నగరి,
6 ఆగస్టు 2025

పాపా,

నువ్వు అడిగిందానికి జవాబు ఉంది. రాస్తే నవ్వుతావేమోనని వారం ఆగినాను.

షెడ్డులో బల్బు గుర్తుందా? మగ్గాలు ఆడేటప్పుడు నోటితో పిలిస్తే వినబడదని, హాల్లో షెడ్డు వాకిలి పక్కన దానికి స్విచ్చి పెట్టించినాడు నాయన. రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే రమ్మని అర్థం. అన్నానికైనా, చుట్టాలొచ్చినా అదే పిలుపు. నువ్వు బడి నుంచి రాగానే ఊరికే నొక్కి నన్ను లేపేదానివి.

షెడ్డుకు కిటికీ లేదు, అవతలి వైపు వంటింటికి దారి అదే. అందుకని నందిని పగలు కూడా ఆ బల్బు వేసే ఉంచుతుంది. పోయిన నెల నుంచి, సాయంత్రం నాలుగు గంటలప్పుడు, ఆ బల్బు రెండుసార్లు ఆరి వెలుగుతుంది. ఒకసారి కాదు, మూడుసార్లు కాదు. స్విచ్చి దగ్గర ఎవరూ ఉండరు. నాకు మంచం మీద నుంచి కనబడుతుంది. నందినిని అడిగితే, "నాకేం కనబళ్లేదే, నువ్వు నిద్దర్లో సూసింటావు" అని పోయింది.

నాకు ఆ వాకిలి దాకా పోవాలని ఉంది. ఈ మంచం నుంచి పద్నాలుగు అడుగులు, నాయన నడిచే రోజుల్లో నువ్వే లెక్క పెట్టినావు. పిలిచినప్పుడు లేచి పోవాల, అంతే.

మూలనున్న వాకర్ తెప్పించుకున్నాను. పదిసార్లు లేచి నిలబడటం నాలుగు దినాలుగా చేస్తున్నాను. నిన్న మూడు అడుగులు వేసినాను. ఈసారి టిక్కులు నందిని చేత పెట్టించినాను, అనుమానం ఉంటే ఆమెను అడుగు.

మురుగేష్


తిరుపతి,
13 ఆగస్టు 2025

అన్నా,

మూడు అడుగులు! వదినకు ఫోన్ చేసి రెండుసార్లు అడిగి మరీ నమ్మాను. నీ ఉత్తరం పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ వారం ఆరు అడుగులు చెయ్యి, తొందర వద్దు. కాలు ఈడ్చకుండా మోకాలు ఎత్తి వెయ్యి.

బల్బు సంగతి మాత్రం నాకు దిగులుగా ఉంది. పాత ఇల్లు, పాత తీగలు, ఎలుకలు. హోల్డరు వదులై ఉంటుంది. ఎలక్ట్రీషియన్ ఢిల్లీబాబును పిలిపించమని వదినకు చెప్పాను. నీళ్ల చేతులతో తిరిగే చోట అలాంటిది ఉండకూడదు.

ఇంకో మాట. పక్షవాతం వచ్చాక కాలుచేతులతో పాటు మనసు కూడా దెబ్బతింటుంది. లేనివి ఉన్నట్టు అనిపించడం, పాతవన్నీ తవ్వుకోవడం చాలామందిలో చూస్తాం. దానికి మాత్రలు ఉన్నాయి. వచ్చే నెల చెకప్‌కు వచ్చినప్పుడు డాక్టరుతో నేను మాట్లాడతాను. చెవి మిషన్ గురించి కూడా అడుగుదాం.

భువన


నగరి,
31 ఆగస్టు 2025

భువనేశ్వరికి,

ఢిల్లీబాబు వచ్చినాడు. హోల్డరు మార్చి, కొత్త బల్బు వేసి పోయినాడు. రెండు వారాలుగా అది ఆరడం లేదు. నాలుగు గంటలకు చూస్తాను, అయిదు దాకా చూస్తాను. నన్ను ఎవరూ పిలవడం లేదు.

నాకు మేలు చేసినానని నువ్వు అనుకుంటున్నావు. నాకు పిచ్చి అనే మాట నువ్వు మర్యాదగా రాసినావు, నాకు అర్థం కాకపోలేదు. పదో తరగతి దాకా నేను కూడా చదివినాను.

ఇంక కాగితాలు పంపొద్దు. నడిచి పోవాల్సిన చోటు లేదు. వాకర్ అటక మీద పెట్టించినాను. చెకప్‌కు రాను.

మురుగేష్


తిరుపతి,
8 సెప్టెంబరు 2025

అన్నా,

నువ్వు మంచం దిగడం లేదని వదిన చెప్పింది. పాదం వాచిందట, నడుము దగ్గర చర్మం ఎర్రబడిందట. ఫోన్‌లో ఏడ్చింది. "నడుస్తా ఉన్న మనిషి పాపా, యాడ తప్పు జరిగిందో తెలీలేదు" అంది. తప్పు నాది. బల్బు నీకేమిటో అడగకుండా ఎలక్ట్రీషియన్‌ను పంపాను. ఏం కావాలో అడగాలని నీకు పాఠం చెప్పి, నువ్వు చెప్పాక నేను వినలేదు.

ఆరేళ్లుగా నీకు రాయనిది ఇప్పుడు రాస్తాను.

నాయన తుంటి విరిగి ఆపరేషన్ అయ్యాక ఎంత చెప్పినా లేవలేదు, గుర్తుందా? అప్పుడు నేను ఒక ఉపాయం చేశాను. మంచం పక్కన ఉన్న నీళ్ల కుండను తీయించి షెడ్డు వాకిలి దగ్గర, స్విచ్చి కింద పెట్టించాను. దాహం వేస్తే లేస్తాడని. లేచాడు కూడా. నన్ను తిట్టుకుంటూ వాకర్ పట్టుకుని పద్నాలుగు అడుగులు నడిచి నీళ్లు తాగాడు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఆ కథ చాలామంది పేషెంట్లకు చెప్పాను.

మార్చిలో ఆ రోజు నేను వచ్చేసరికి నాయనను చాప మీద పడుకోబెట్టారు. కుండ వాకిలి దగ్గరే ఉంది, మూత పక్కన పెట్టి. నీళ్ల కోసం నడిచి అక్కడే పడిపోయాడని నువ్వు చెప్పావు. గుండె ఆగిందని డాక్టరు అన్నాడు. గుండె ఎందుకు ఆగిందో నాకు తెలుసు కదా. ఎండాకాలంలో, ఆ వయసులో, గ్లాసెడు నీళ్ల కోసం నేను నడిపించాను.

ఆ హాల్లోకి రావాలంటే నాకు ఆ కుండే కనిపిస్తుంది. అందుకే రాలేదు, కోపం కాదు. అప్పటి నుంచి నేను ఎవరికీ గట్టిగా నడవమని చెప్పలేదు. మిషన్ పెట్టి, నూనె రాసి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపేస్తున్నాను. కల్యాణవల్లి గారికి పాకాలలో చెల్లెలు ఉంది. ఒక్కసారి రైలెక్కి వెళ్లి చూసి రావాలని ఆవిడ కోరిక. నాలుగు నెలలుగా వచ్చే నెల చూద్దామని అంటున్నాను. ఆవిడ మంచం పక్కన, చేతికి అందేలా, నీళ్ల సీసా నేనే పెట్టి వస్తాను.

నడవమని నేను రాసినది నీ ఒక్కడికే. నువ్వు నాయన చోట పడుకుని ఉన్నావని తెలిసి భయపడుతూనే రాశాను. నా మీద నీకు ఎంత కోపం ఉన్నా ఉండనీ. లేచి నిలబడు.

భువన


నగరి,
20 సెప్టెంబరు 2025

పాపా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినాను. నందినికి చూపించలేదు. ఇది చదివినాక నువ్వు నాకు రాయకపోయినా న్యాయమే.

ఆ దినం కుండ వాకిలి దగ్గర లేదు. నాయన మంచం పక్కనే ఉంది. ముసలాయన దాహంతో అంత దూరం నడుస్తుంటే చూడలేక, రెండు దినాల ముందే నేను మంచం పక్కకు మార్చినాను. నీకు చెబితే తిడతావని చెప్పలేదు. నాయన నీళ్ల కోసం లేవలేదు.

నందిని పుట్టింటికి పోయి ఉంది. నేను షెడ్డులో మగ్గం ముందు కూర్చుని ఉన్నాను. నాలుగు గంటలయింది. బల్బు రెండుసార్లు ఆరి వెలిగింది. నేను చూసినాను పాపా. తల ఎత్తి చూసినాను. ఆ పొద్దు అది నాలుగో పిలుపు. ఒకసారి దిండు సరిచేయమని, ఒకసారి టైమెంతని, ఒకసారి ఊరికే. మగ్గం నాడెలో నూలు చుట్టిన కండె కొత్తగా వేసి ఉంది. ఈ కండె అయిపోనీ, పోదాం అనుకున్నాను. అంతే అనుకున్నాను. కండె అయిపోయింది, మగ్గం ఆపి లేచి వచ్చినాను. నాయన స్విచ్చి కింద గోడకు ఆనుకుని జారిపోయి ఉన్నాడు. ఒళ్లు వెచ్చగానే ఉంది.

నేను చూసి కూడా పోలేదని ఊరంతా అంటుందని భయమేసింది. నువ్వు వచ్చేలోపు కుండను ఎత్తుకుపోయి వాకిలి దగ్గర పెట్టినాను. మూత కూడా నేనే తీసి పక్కన పెట్టినాను. నువ్వు దాన్ని చూసి నిలబడిపోయినావు. నీ ముఖం చూసినాను, అయినా నోరు తెరవలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. నువ్వు ఇంటికి రావడం మానేసినావు, నీకు నిజం తెలిసిపోయిందేమో, అందుకే రావడం లేదేమోనని నేను ఆరేళ్లు అనుకున్నాను.

గుండెలో నొప్పి వచ్చి పిలిచేదానికి వచ్చినాడు నాయన. నువ్వు నేర్పిన నడకతోనే ఎవరి సాయం లేకుండా పద్నాలుగు అడుగులు నడిచి, స్విచ్చి నొక్కినాడు. నీ పని నువ్వు సరిగ్గానే చేసినావు. లేచి పోవాల్సినవాణ్ని నేను పోలేదు.

బల్బు మళ్లీ ఆరి వెలిగినప్పుడు నాకు భయం వేయలేదు. ఇంకొకసారి పిలుస్తున్నాడు, ఈసారి పోతాను అనుకున్నాను.

మురుగేష్


తిరుపతి,
12 అక్టోబరు 2025

అన్నా,

రెండు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది మూడోది, బాగా లేకపోయినా ఇదే పంపుతాను.

నిన్ను క్షమించానని రాయలేను. కండె సంగతి నాకు అర్థమైంది, ఆ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో. కుండ సంగతి అర్థం కాలేదు. నాయనకు ఆ పద్నాలుగు అడుగులు నేను ఇచ్చాను. ఆపదలో అవి ఆయనకు పనికొచ్చాయి. ఆ ఒక్క సంగతి నువ్వు ఆరేళ్లు నా దగ్గర దాచావు. నడవాల్సిన వాళ్లు ఎంతమంది నా చేతుల్లో మంచాన ఉండిపోయారో నీకు తెలియదు. నాకు వాళ్ల పేర్లు తెలుసు. నిద్రపట్టనప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తాయి.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు కల్యాణవల్లి గారి నీళ్ల సీసా తీసి వరండాలో పెట్టాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నాళ్లకు టీచరువైనావే" అన్నారు. నిన్న పాకాల రైలెక్కారు. ప్లాట్‌ఫారం మీద నేను వెనకే నడిచాను, పట్టుకోలేదు. రైలు కదిలాక బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

నీకు ఒకటే రాస్తున్నాను. స్విచ్చి దాకా నడు. బల్బు ఆరినా ఆరకపోయినా నడు. నాయన ఎంత దూరం వచ్చాడో నీ కాళ్లతో నువ్వు తెలుసుకో. ఆ తర్వాతే నాకు ఉత్తరం రాయి, అంతవరకు రాయొద్దు.

భువన


నగరి,
16 నవంబరు 2025

పాపా,

నువ్వు చెప్పినట్టు ఇన్నాళ్లూ రాయలేదు. వాకర్ అటక మీద నుంచి దించినాము. మొదటి వారమంతా మూడు అడుగుల దగ్గరే ఆగిపోయినాను. దీపావళి అయినాక ఏడు, తర్వాత తొమ్మిది. పదకొండు దగ్గర ఒక దినం పడినాను, దెబ్బ తగల్లేదు. బల్బు ఒక్కసారి కూడా ఆరలేదు. పిలవకుండా నడవడం శానా కష్టం.

మొన్న శుక్రవారం, నాలుగు గంటలకు, పద్నాలుగు అడుగులు వేసినాను.

వాకిలి దగ్గర నిలబడి షెడ్డులోకి చూసినాను. నేను మగ్గం ముందు కూర్చునే స్టూలు అక్కడే ఉంది. ఆ స్విచ్చి దగ్గర నిలబడితే అది నేరుగా కనబడుతుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. పిలిచినప్పుడంతా నేను అవతల మగ్గం దగ్గరే ఉన్నాను గదా. నాయనకు నా వీపు కనబడి ఉంటుంది. బల్బు ఆరి వెలగగానే నేను తల ఎత్తడం, మళ్లీ తల దించుకోవడం కనబడి ఉంటుంది.

స్విచ్చి మీద చెయ్యి వేసినాను. రెండుసార్లు ఆర్పి వెలిగించినాను. అవతల వంటింట్లో నందిని దోసెపిండి కలుపుతా ఉంది. ఆ పిండి చేతులతోనే పరుగెత్తి వచ్చింది. "ఏమయింది, యాడ నొప్పి?" అంటున్నట్టు పెదాలు చూస్తే తెలిసింది. నేను లెక్క పెట్టినాను పాపా. ఆమె వచ్చేదానికి ఆరు లెక్క పట్టింది. ఆ ఆరు లెక్కే నాకు ఎంతకీ తెగలేదు. కండె అయిపోయేదానికి నాలుగు నిమిషాలు పడుతుంది.

నందినికి అంతా చెప్పినాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, నా పక్కన నేల మీద కూర్చుంది.

కుండను మళ్లీ వాకిలి దగ్గర పెట్టించినాను, దినానికి ఆరుసార్లు నడుస్తాను. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా షెడ్డులో ఆ స్టూలు మీద కూర్చుంటాను. చేతిలో ఏ పనీ పెట్టుకోను. బల్బును చూస్తా ఉంటాను, అంతే.

నువ్వు ఈ గడప ఎప్పుడు తొక్కినా నోటితో పిలవొద్దు, నాకు వినబడదు. స్విచ్చి రెండుసార్లు నొక్కు. లేచి వస్తాను.

మీ అన్న